చంకన బిడ్డ, చేత సంచి



మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు బిడ్డ మొదటి పెద్ద ప్రయాణం చాలా ఇళ్లలో పుట్టు వెంట్రుకల కోసమే మొదలవుతుంది. కొందరికి ఏడాది లోపు, కొందరికి మూడో ఏట, ఇంటి ఆచారం ఎట్లా ఉంటే అట్లా. కురవి వీరభద్రస్వామికి మొక్కినవాళ్లు కురవికి పోతారు. మల్లన్న ఇలవేల్పు అయినవాళ్లు కొమురవెల్లికి, ముక్తీశ్వరుడికి మొక్కినవాళ్లు కాళేశ్వరం గోదావరి ఒడ్డుకు పోతారు. సమ్మక్క సారలమ్మలకు మొక్కుంటే జాతర వచ్చేదాకా ఆగుతారు. ఒక తుఫాన్ బండి మాట్లాడుకుంటారు, వంట సామాను పైన కట్టుకుంటారు, అమ్మమ్మ తాతయ్యలు, మేనమామలు, చిన్నమ్మలు అందరూ ఎక్కుతారు. కుటుంబమంతా కలిసి ఒక చోటికి పోవడం ఈ మొక్కు పేరు మీదనే జరిగే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ ప్రయాణానికి కారణమైన చిన్న ప్రాణి కూడా దాంట్లో సుఖపడాలని నా ఆరాటం.

మొక్కు ఒక పూటలో తీరిపోతుంది. కష్టమంతా ఆ తర్వాతే. "ఎట్లాగూ ఇంత దూరం వచ్చినం గదా" అని ఎవరో ఒకరు అంటారు. కురవికి వచ్చినవాళ్లు పాకాల చూద్దామంటారు, పాకాల దాకా వచ్చాక రామప్ప ఎంత దూరమంటారు, రామప్పలో నిలబడి లక్నవరం పేరు తీస్తారు. పెద్దవాళ్లకు ఇది సరదా. ఏడాదిన్నర బిడ్డకు మాత్రం ఆ రోజంతా ఎండ, హారన్లు, ఉక్కపోత, కొత్త మొహాలు. ఏడాది నిండి రెండేళ్లు దాటని పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు నాలుగేళ్ల పిల్లలకైనా 10 నుంచి 13 గంటలు కావాలి. రోజులో సగం నిద్రకే పోయే బిడ్డను వెంటబెట్టుకుని నాలుగు చోట్లు తిరిగితే ఆ సమయమంతా బిడ్డ నిద్రలోనుంచే పోతుంది. పొద్దుగూకే వేళకు గుక్కపట్టి ఏడుస్తుంటే దిష్టి తగిలిందంటాం. దిష్టి తీయండి, నేను వద్దనను. ముందు ఏదైనా చల్లని చోట పడుకోబెట్టండి.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. చిన్నబిడ్డతో బయలుదేరినప్పుడు చూసే చోట్లు తగ్గించుకోవాలి, ఎత్తుకునే చేతులు పెంచుకోవాలి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

జనగామ నుంచి మహబూబాబాద్ వైపు పోయేవాళ్లకు నా సలహా రైలే. గోల్కొండ, కృష్ణా ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లు రెండు చోట్లా ఆగుతాయి. కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం దాటితే మానుకోట, అదే మహబూబాబాద్. నడక కొత్తగా వచ్చిన పిల్లలు ఒక్క దగ్గర కూర్చోరు. బస్సులో వాళ్లను ఒళ్లో అదిమి పట్టుకోవాలి, రైల్లో అయితే వేలు పట్టుకుని సీట్ల మధ్య నాలుగడుగులు నడిపించవచ్చు. ఆ నాలుగడుగులతోనే సగం ఏడుపు తగ్గుతుంది. తలుపు వైపు మాత్రం పోనివ్వకూడదు. బోగీ ఎక్కగానే తలుపుకు దూరంగా, వీలైతే మధ్యలో సీటు చూసుకోవాలి. ఐదేళ్లు నిండని పిల్లలకు రైల్లో టికెట్ అక్కర్లేదు, వాళ్లకు విడిగా బెర్తు కావాలంటే పెద్దవాళ్ల చార్జీ కట్టాలి. 2022 మే నెలలో లక్నో మెయిల్‌లో తల్లి బెర్తుకు ఆనుకుని, మడిచి పెట్టుకునే చిన్న బెర్తు ఒకటి బిగించి చూశారు. అట్లాంటి ఏర్పాటు ప్రతి బండిలోనూ ఉండాల్సిందే. అది లేనిచోట, రాత్రి బండ్లలో బిడ్డను కింది బెర్తు మీద గోడ వైపు పడుకోబెట్టి, అంచున పెద్దవాళ్లు పడుకోవాలి.

రైలు ప్రయాణంలో నాకు అన్నిటికంటే భయం వేసేది పల్లీలు. ఎండకాలంలో మా పాపను తీసుకుని అమ్మగారింటికి పోతుంటే నెక్కొండలో ఒక అవ్వ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. పాపను చూసి మురిసిపోయి, కొంగు ముడి విప్పి వేయించిన పల్లీలు తీసి గుప్పిట్లో పెట్టబోయింది.

"అవ్వా, పల్లీలు వద్దే, గొంతుల పడ్తయ్" అన్నాను.

"పొట్టు తీసి పెడ్తా బిడ్డా, ఏం గాదు" అంది.

ప్రేమతో పెడుతున్న చెయ్యిని వెనక్కి నెట్టలేం. సంచిలోనుంచి అరటిపండు తీసి, "నీ చేత్తోని ఇది పెట్టు అవ్వా" అని ఆమెకే ఇచ్చాను. చిన్న చిన్న ముక్కలు తుంచి, కేసముద్రం దాకా ఆమె పెడుతూనే ఉంది, పాప తింటూనే ఉంది. పొట్టు తీసినా తీయకపోయినా పల్లీ గింజ నాలుగేళ్ల లోపు పిల్లల ఊపిరి గొట్టంలోకి జారిపోయే పరిమాణంలోనే ఉంటుంది. పుట్నాలు, బఠాణీలు, ద్రాక్షపండ్లు, చలికాలం మొదట్లో మన దగ్గర విరగకాసే సీతాఫలం గింజలు, అన్నీ అంతే. కదిలే బండిలో, నవ్వుతూనో ఏడుస్తూనో తింటుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. బిడ్డ దగ్గలేక, గొంతు పెగలక, మొహం నల్లబడుతుంటే ఏడాది దాటిన పిల్లలనైతే ముందుకు వంచి, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టాలి. అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. గింజ బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. కనపడని గింజ కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు, ఇంకా లోపలికి పోతుంది. ఇంట్లో అందరూ ఇది ప్రయాణానికి ముందే ఒకసారి ఎవరైనా నర్సమ్మను అడిగి చేతులతో చేసి చూసుకోవాలని నా మనవి.

తిండి విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు బాలామృతం ఇస్తారు, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి హైదరాబాద్ నాచారంలోని తెలంగాణ ఫుడ్స్‌లో తయారవుతుంది. ఊరికి పోయేటప్పుడు ఒక చిన్న డబ్బాలో అది, ఒక ఫ్లాస్కులో కాచిన వేడినీళ్లు ఉంటే చాలు. ఎక్కడ ఆకలేస్తే అక్కడ గిన్నెలో కలిపి పెట్టవచ్చు. దానికి తోడు అరటిపండ్లు, మెత్తగా నానబెట్టిన అటుకులు. హోటల్ ఇడ్లీ పొగలు కక్కుతుంటే నిర్భయంగా పెట్టండి, చల్లారి ఉన్న చట్నీ మాత్రం ముట్టనివ్వకండి. ఇంట్లో తినని కొత్త తిండి ఏదీ ప్రయాణంలో మొదటిసారి పెట్టకూడదు. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ బెంగలేవీ లేవు, తల్లికి కూర్చోవడానికి కాస్త చాటు దొరికితే చాలు. ఆ చాటు దొరకకనే మన ఆడవాళ్లు బస్‌స్టేషన్లలో గోడవైపు తిరిగి, కొంగు కప్పుకుని, చెమటలు కక్కుతూ పాలిస్తున్నారు. ప్రతి బస్‌స్టేషన్‌లో, ప్రతి గుడి దగ్గర ఒక చిన్న గది, అందులో ఒక ఫ్యాను, ఒక కుర్చీ ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

బస్సు గురించి కూడా చెప్పాలి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. చంటిబిడ్డల తల్లులు చార్జీల బెంగ లేకుండా తల్లిగారింటికి పోయి వస్తున్నారు, అది నాకెంతో సంతోషం. బస్సులు నిండుగా ఉంటున్నాయి కాబట్టి బిడ్డతో పోయేవాళ్లు పొద్దున మొదటి బస్సు చూసుకుంటే సీటు దొరుకుతుంది, ఎండ ముదరకముందే ఊరు చేరవచ్చు. కిటికీ పక్కన పెద్దవాళ్లు కూర్చుని, బిడ్డను లోపలి వైపు పెట్టుకోవాలి.

ఇక మోటారు సైకిలు. జనగామ నుంచి పాలకుర్తికో, బమ్మెరకో దగ్గరే కదా అని భార్యాభర్తలు మధ్యలో బిడ్డను కూర్చోబెట్టుకుని, ఇంకో బిడ్డను ట్యాంకు మీద పెట్టుకుని పోవడం మనం రోజూ చూస్తున్నదే. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకుపోయేటప్పుడు నడిపేవాళ్లకు, బిడ్డకు కలిపి కట్టే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ట్యాంకు మీద కూర్చున్న బిడ్డ కునుకు తీస్తే పట్టుకునే చెయ్యి ఎక్కడుంది చెప్పండి? హ్యాండిల్ మీద ఉంది. కారులోనూ అంతే. ముందు సీట్లో ఒళ్లో బిడ్డను పెట్టుకుంటే బ్రేకు పడ్డప్పుడు మొదటి దెబ్బ బిడ్డకే తగులుతుంది. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా అని 2019లో చట్టం సవరించారు. జరిమానా సంగతి అట్లా ఉంచి, బిడ్డను వెనక సీట్లో పెట్టండి.

కురవి మహబూబాబాద్‌కు దాదాపు 10 కిలోమీటర్లు. కోరమీసాల స్వామి ఊరు అది. 2017 శివరాత్రికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి బంగారు మీసాలు సమర్పించి మొక్కు తీర్చుకున్నారు. శివరాత్రి జాతరలో ఇసుక వేస్తే రాలనంత జనం. పుట్టు వెంట్రుకలకు ఆ రోజులే కావాలన్న పట్టింపు లేనివాళ్లు మామూలు రోజుల్లో, పొద్దున పూట పోతే స్వామి దర్శనమూ నిదానంగా అవుతుంది, బిడ్డా నలగదు.

వెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ ఎందుకు అంతగా ఏడుస్తుందో ఎప్పుడైనా గమనించారా? కత్తికి భయపడే కంటే ముందు, తనను పట్టుకున్న చేతులకు భయపడుతుంది. ఆచారం ప్రకారం మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. ఆ మేనమామ హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఆ పొద్దునే బస్సు దిగి వస్తే బిడ్డకు అతను ఎవరు? కొత్త మనిషి. కొత్త మనిషి గట్టిగా పట్టుకుంటాడు, ఇంకో కొత్త మనిషి తల మీద నీళ్లు పోస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారి మీదికి వంగుతారు. ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల దాకా పిల్లలకు కొత్తవాళ్లంటే బెదురు సహజం. అందుకని మేనమామలకు నా విన్నపం. రెండు రోజుల ముందే రండి, తమ్ముళ్లూ. మేనకోడలికి అన్నం పెట్టండి, మేనల్లుడిని భుజానెత్తుకుని వాకిట్లో తిప్పండి, రాత్రి మీ పక్కన పడుకోబెట్టుకోండి. అప్పుడు మీ ఒడి వాళ్లకు తెలిసిన ఒడి అవుతుంది.

మంగలి దగ్గర కొత్త బ్లేడు ప్యాకెట్ మన కళ్ల ముందే విప్పించాలి. ఏడాదిన్నర లోపు పిల్లలకు మాడు ఇంకా మెత్తగా ఉంటుంది, ఆ సంగతి చెప్పి నిదానంగా తీయమనాలి. బిడ్డ పాలు తాగి, ఒక కునుకు తీసి లేచిన వేళ చూసుకోవాలి. నున్నటి తల మీద ఎండ పడితే చురుక్కుమంటుంది, కాబట్టి మెత్తని నూలు టోపీ ఒకటి సంచిలో ఉండాలి.

మహబూబాబాద్ జిల్లాలోనే, గూడూరు మండలంలో భీమునిపాదం జలపాతం ఉంది. చూడదగ్గ చోటే. వానకాలంలో బండల మీద నాచు పట్టి ఉంటుంది, చంకలో బిడ్డతో అక్కడ అడుగు తీసి అడుగు వేయడం ప్రమాదం. బిడ్డ పెద్దదయ్యాక ఎప్పుడైనా పోవచ్చు, జలపాతం ఎక్కడికీ పోదు.

భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో పోవాలి, మహబూబాబాద్ నుంచైతే గూడూరు, నర్సంపేట మీదుగా. బొగ్గు టిప్పర్లు తిరిగే దారి కాబట్టి బండి అద్దాలు ఎక్కించుకోవడం మంచిది. భూపాలపల్లిలో మా అక్కవాళ్లు సింగరేణి క్వార్టర్లలో ఉంటారు. మేం పోయినప్పుడు అక్కడే దిగి, రోజూ రాత్రికి అక్కడికే వచ్చి పడుకుంటాం. చిన్నబిడ్డకు ఇది ఎంత ఊరటో నేను దగ్గరగా చూశాను. పగలు ఎక్కడ తిరిగినా రాత్రి అదే గది, అదే దుప్పటి, అదే గోడ గడియారం. పూటకో లాడ్జి మార్చే ప్రయాణంలో పెద్దవాళ్లకు కొత్తదనం ఉండవచ్చు, బిడ్డ మాత్రం ప్రతి రాత్రీ కొత్త చీకట్లో కళ్లు తెరవాలి.

మా బావ బొగ్గు గనిలో పనిచేస్తాడు. మేం పోయిన మొదటి రోజే, నేను ఒక చేత్తో పాపను పట్టుకుని ఇంకో చేత్తో అన్నం కలుపుకుంటుంటే చూసి, "నువ్వు నిమ్మళంగ తినుపో, ఫస్ట్ షిఫ్ట్ నాది" అన్నాడు. సింగరేణి ఇళ్లలో షిఫ్ట్ లెక్క అందరికీ తెలిసిందే కదా, ఇంట్లో అందరూ దాన్ని పట్టుకున్నారు. పొద్దున బావ, మధ్యాహ్నం నిద్రపుచ్చేది అక్క, సాయంత్రం మా ఆయన, రాత్రి నేను. షిఫ్ట్ ఎవరిదైతే తినిపించడం, కడగడం, బట్టలు మార్చడం అన్నీ వాళ్లవే. మధ్యలో ఇంకొకరిని పిలవడానికి లేదు. ఆ నాలుగు పూటల్లో ఒక్క పూటే నాది కావడం వల్ల నేను చాలా కాలం తర్వాత ఒక గుడిని కళ్లారా చూశాను. ఆడవాళ్లు సెలవులకు పోయి వచ్చి, ఏం చూశావంటే చెప్పలేకపోతారు, ఎందుకంటే వాళ్లు చూసిందంతా బిడ్డనే. దానికి మందు ఇదే. తండ్రులు, బాబాయిలు, పెదనాన్నలు ఫొటో కోసం ఒక్క నిమిషం ఎత్తుకుని దించడం కాకుండా ఒక పూట మొత్తం తీసుకోవాలి.

అట్లా కళ్లారా చూసిన గుడి రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయం ఇది, 2021 జులైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నా భూపాలపల్లి నుంచి పోయి రావడం ఒక పూట పని. పెద్దవాళ్లమంతా తలెత్తి చూస్తాం, చూరు కింద నల్లరాతి మదనికలు, వాటి నగలు, నడుము వంపు. మా పాపకు అవేవీ కనపడలేదు. గుడి గోడ కింది వరుసలో చుట్టూ ఏనుగులు బారుగా నడుస్తున్నట్టు చెక్కి ఉంటాయి, సరిగ్గా రెండేళ్ల బిడ్డ చెయ్యి అందే ఎత్తులో. పాప ఒక ఏనుగు తొండం మీద వేలు పెట్టింది. దాని పక్క ఏనుగు మీద పెట్టింది. ఒక్కో ఏనుగు దగ్గర ఆగి, "ఏనుగు" అనడం రాక "ఏనూ, ఏనూ" అంటూ, మా బావ వేలు పట్టుకుని గుడి పక్కంతా నడిచింది. ఒకే మాదిరి కనిపించే ఆ వరుసలో ఒక్కో ఏనుగూ వేరుగా ఉందని నేను ఆ పూటే గమనించాను. ఒకటి తొండం చుట్టుకుంది, ఒకటి పైకెత్తింది. ఆ పూట మేం ఇంకెక్కడికీ పోలేదు. చెరువు గట్టు మీద పాప పడుకుంది, మేం పులిహోర తిన్నాం, వచ్చేశాం. లక్నవరం వేలాడే వంతెన చూడలేదని ఎవరూ బాధపడలేదు.

గణపురంలో కోటగుళ్లు ఉన్నాయి, గణపతిదేవుడి కాలం నాటి గుడుల సముదాయం. భూపాలపల్లికి ఇంకా దగ్గర, రద్దీ తక్కువ, ఆవరణ విశాలం. పిల్లలు పరుగెత్తడానికి రామప్ప కంటే అదే బాగుంటుంది. జనగామ వైపు ఉన్నవాళ్లకు పెంబర్తి చెప్తాను. హైవే పక్కనే ఉంది. ఇత్తడి రేకు మీద సుత్తి, ఉలి పెట్టి బొమ్మ తీస్తుంటే వచ్చే టకటక చప్పుడుకు పిల్లలు అరగంటైనా కదలరు. పదునైన రేకు ముక్కలు నేల మీద పడి ఉంటాయి కాబట్టి ఎత్తుకునే చూపించాలి. పాలకుర్తి సోమేశ్వరుడి గుట్ట మెట్లు మాత్రం, చంక మార్చుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఉంటేనే.

కాళేశ్వరం భూపాలపల్లి నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. కాటారం, మహదేవ్‌పూర్ దాటి అడవి దారిలో పోవాలి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడిది ఒకటి, ముక్తీశ్వరుడిది ఒకటి. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు, అంతర్వాహినిగా సరస్వతి ఉందని నమ్మకం. 2025లో సరస్వతీ పుష్కరాలు మే 15 నుంచి 26 దాకా జరిగాయి, అంటే నిండు ఎండల్లో. 2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి. ఈ మాట వింటున్న తల్లుల్లో చాలామంది చంకల్లో అప్పటికి ఒక చిన్నబిడ్డ ఉంటుంది కాబట్టి ఎండ గురించి, నీళ్ల గురించి కాస్త నిదానంగా చెప్తాను.

చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే తొందరగా వేడెక్కుతుంది. తెల్లవారుజామున స్నానం, తొమ్మిది గంటల లోపు దర్శనం, ఆ తర్వాత సాయంత్రం దాకా నీడ. దర్శనం తొందరగా అయిపోతుందని బిడ్డ నిద్రపోతుండగా కారులో వదిలి అద్దాలు ఎక్కించి పోవద్దు, ఐదు నిమిషాలకైనా సరే. ఎండలో నిలబెట్టిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. ఘాట్ మీద బిడ్డ చెయ్యి మన చేతిలోనే ఉండాలి. మోకాలి లోతు నీళ్లు మనకు, బిడ్డకు అవి మెడ దాకా. మునిగే బిడ్డ కేకలు వేయదు, చప్పుడు లేకుండా జారిపోతుంది. అందుకే అక్కడ అందరూ చూస్తున్నారులే అనుకోవడం కుదరదు, ఇప్పుడు బిడ్డ ఎవరి చేతిలో ఉందో ఒక్కరి పేరు చెప్పగలగాలి.

ప్రయాణంలో విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్, సెలైన్ సీసాలు చాలకపోతే, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేల ప్రాణాలు నిలబెట్టారు. ఆ నీళ్లే ఇవాళ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరికే ప్యాకెట్. ఒక ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, కొంచెం పొడి గ్లాసులో కలపడం పనికిరాదు. రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, బిడ్డ సోలిపోతున్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఓఆర్ఎస్ అని రాసి ఉన్న తియ్యని పండ్ల పానీయాల డబ్బాలు మందుల షాపుల్లో చాలా ఏళ్లు అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలున్న బిడ్డకు తాగిస్తే జబ్బు ఇంకా ముదురుతుంది. అసలు సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉండాలి. ఈ మోసం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో, ఆ సూత్రం పాటించని పానీయాలు ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. మన తెలుగు గడ్డ మీద ఒక డాక్టరమ్మ దేశంలోని పిల్లలందరి కోసం చేసిన పని అది. ఆమెకు చేతులెత్తి మొక్కుతున్నాను. మీరు మాత్రం షాపులో ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందో లేదో చూసి తీసుకోండి.

సమ్మక్క సారలమ్మల మేడారం 2019 నుంచి ములుగు జిల్లాలోకి పోయింది గానీ, మన మూడు జిల్లాల వాళ్లకు అది సొంత జాతరే. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి, తక్కెట్లో బిడ్డను కూర్చోబెట్టి నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూచి గద్దెలకు సమర్పించే తల్లిదండ్రులు ఎందరో. ఆ జనంలో బిడ్డ చెయ్యి జారితే ఏమవుతుందో మైకుల్లో విన్నవాళ్లకు తెలుసు. "నీ పేరేంది నాన్నా?" అని పోలీసమ్మ అడిగితే "చిన్ను" అంటాడు. "మీ అమ్మ పేరేంది?" అంటే "అమ్మ" అంటాడు. ఊరి పేరు అడిగితే ఏడుస్తాడు. అందుకని బయలుదేరే పొద్దున, ఆ రోజు వేసిన బట్టలతోనే బిడ్డ ఫొటో ఒకటి ఫోనులో తీసి పెట్టుకోండి. రెండు ఫోను నంబర్లు ముంజేతి మీద పెన్నుతో రాయండి, చొక్కా జేబులో కాగితం మీద కూడా రాసి పెట్టండి. ఒక్క ఫోనే అయితే అక్కడ సిగ్నల్ దొరకకపోవచ్చు. తప్పిపోయిన బిడ్డ మీకు కనిపిస్తే అక్కడే నిలబడి పోలీసులకు గానీ, 1098కి గానీ, 112కి గానీ చెప్పండి. బిడ్డను చంకనేసుకుని తల్లిని వెతుకుతూ జాతరంతా తిరిగితే ఇద్దరూ ఒకరినొకరు దాటుకుంటూ పోతారు. జంపన్నవాగు స్నానం, గద్దెల తొక్కిసలాట లేకుండా ఆ తల్లుల దీవెన కావాలంటే జాతరకు ముందు వారాల్లో పోయి మొక్కు తీర్చుకోవచ్చు, ఇప్పుడు చాలా కుటుంబాలు అట్లానే పోతున్నాయి.

అమెరికా నుంచి, లండన్ నుంచి బిడ్డలను తీసుకుని వచ్చే మన పిల్లలు కూడా ఉన్నారు. న్యూయార్కులో పొద్దున లేచే వేళ మనకు సాయంత్రం. ఆ బిడ్డకు మన అర్ధరాత్రి మెలకువ, మన మధ్యాహ్నం గాఢ నిద్ర. దిగిన రెండో రోజే మొక్కులని, విందులని తిప్పకండి, వారం రోజులు ఇంటిపట్టున ఉంచండి, పొద్దున పూట ఎండపొడ తగలనివ్వండి. నాయనమ్మలారా, ఫోనులో రోజూ చూసిన మనవరాలు ఎదురుగా మిమ్మల్ని చూసి ఏడిస్తే మనసు కష్టపెట్టుకోకండి. ఫోను అద్దంలో కనిపించే మొహం వేరు, ఒళ్లు, వాసన, గొంతు ఉన్న మనిషి వేరు ఆ వయసుకు. కొంచెం దూరంగా కూర్చుని మీ పని మీరు చేసుకోండి, రొట్టెపిండి పిసకండి, కూర తరగండి. ఆ బిడ్డే పాకుతూ మీ దగ్గరికి వస్తుంది.

తిరిగి వచ్చాక ఒక రెండు మూడు రోజులు బిడ్డ చిరాకుగా ఉంటుంది, రాత్రి లేస్తుంది. ఆ రోజుల్లో చుట్టాలను పిలవకుండా పాత వేళలకే తిండి, నిద్ర పెట్టండి. అడవి ఊళ్ల వైపు పోయినప్పుడు దోమతెర వెంట తీసుకుపోవడం మరవొద్దు. వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే వాతావరణం మారిందిలే అని ఊరుకోకుండా రక్త పరీక్ష చేయించండి. ఏయే ఊళ్లు తిరిగారో, ఎక్కడ రాత్రి పడుకున్నారో డాక్టరుకు ముందే చెప్పండి, మలేరియా అయితే ఆ ఒక్క మాటతో తొందరగా పట్టుకుంటారు.